సిక్కోలు ఇసుక దిబ్బలు: లెక్కలోకి రాని తుప్పల చరిత్ర

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా చాలా ఊళ్లకు, కెరటానికి మధ్య ఉన్న అడ్డు ఇసుక దిబ్బలే. పక్కనే విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం మండలాల తీరం చిన్నదైనా పరిస్థితి అదే. పోర్టు గానీ బీచ్ రోడ్డు గానీ రొయ్యల చెరువు గానీ ఖనిజ తవ్వకం గానీ, ఏది వచ్చినా ముందుగా చదునయ్యేది ఈ దిబ్బలే. నిర్వాసితుల గురించి, చేపల వేట గురించి, తాబేళ్ల గురించి గొడవ జరుగుతుంది. జరగాల్సిందే. దిబ్బ మీద మోకాలెత్తున, నడుమెత్తున పెరిగే తుప్పల మాట మాత్రం ఎక్కడా వినపడదు. ఆ మౌనం వెనుక నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు దిబ్బ ఎలా పుడుతుందో చూడాలి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా నదులు తూర్పు కనుమల రాళ్లను అరగదీసి ఇసుకగా సముద్రంలోకి తెస్తాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఆ ఇసుకను ఒడ్డు వెంబడే ఉత్తరానికి నెడతాయి. ఒడ్డున ఆరిన ఇసుకను గాలి లోపలికి ఎగరేస్తుంది. దాన్ని పట్టి ఆపేవాళ్లు లేకపోతే అది పొలాల్లోకి, ఇళ్లలోకి పోతుంది. ఆపేది మొక్క. అందరికంటే ముందు నిలబడేవి రెండు. ఒకటి మేక గిట్టలాంటి ఆకులు, ఊదారంగు పూలు ఉండే బాలబంది తీగ. కణుపు కణుపుకూ వేరు దించుకుంటూ ఇసుక మీద పాకుతుంది. రెండోది రావణాసురుని మీసాలు అనే గడ్డి. దాని ఆడ మొక్కకు ముళ్ల బంతిలాంటి పెద్ద గింజగుత్తి కాస్తుంది. ఎండాక తెగిపోయి, గాలికి ఒడ్డంతా దొర్లుతూ దారిలో గింజలు రాలుస్తుంది. తీరప్రాంతపు పిల్లలు దాని వెంట పరుగెత్తని ఊరు ఉండదు. ఈ రెంటినీ ఇసుక కప్పేస్తే చావవు. కప్పిన కొద్దీ పైకి చిగురేస్తాయి, దిబ్బ వాటితో పాటే పెరుగుతుంది.

దాని వెనుక, కాస్త కుదురుకున్న ఇసుకలో అసలు తుప్పలు మొదలవుతాయి. కలివి, పరికి, బందారు, చిట్టీత, జిల్లేడు, పల్లపు చోట మొగలి డొంకలు. సముద్రం వైపు కొమ్మలు ఎవరో కత్తెర వేసినట్టు పొట్టిగా, ఊరి వైపు కొమ్మలు పొడుగ్గా ఉంటాయి. ఉప్పు తుంపర తగిలిన చిగురు మాడిపోతుంది కాబట్టి పొద ఏటవాలుగా పెరుగుతుంది. గాలి ఆ వాలు మీదుగా పైకి పోతుంది. పొట్టిగా ఉండటమే దాని బలం. దిబ్బ కింద మరో సంగతి ఉంది. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మత్స్యకార గ్రామాల్లో చెలమ తవ్వితే సముద్రానికి కూతవేటు దూరంలో తియ్యటి నీరు వచ్చేది అందుకే.

ఇంత పని చేసే నేలకు రెవెన్యూ రికార్డుల్లో దక్కిన పేర్లు బంజరు, గయాలు, పోరంబోకు. శిస్తు రాని నేల ఏదైనా ఆ ఖాతాలోకే పోతుంది. ఈ తీరంలో చాలా భాగం జమీందారీల కింద ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ప్రభుత్వం చేతికి వచ్చింది. యజమాని మారాడు, పద్దు మారలేదు. ఊరివాళ్లు అక్కడ మేకలు మేపుకున్నారు, పుల్లలు ఏరుకున్నారు, కలివికాయలు కోసుకున్నారు. సరిహద్దు దాటి గంజాం జిల్లాకు వెళితే మొగలి పువ్వుకు అత్తరు బట్టీల్లో మంచి ధర ఉంది. ఇటువైపు తీరంలో ఆ డొంకలకు అంత గిరాకీ రాలేదు.

మొదటి పెద్ద మార్పు సరుగుడుతో వచ్చింది. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల చెట్టు అది. 19వ శతాబ్దంలో మద్రాసు రాజధాని తీరమంతా వంటచెరకు కోసం, రైళ్లకు కట్టెల కోసం నాటించారు. జీడిమామిడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారి వెంట పడమటి తీరానికి వచ్చి, తర్వాత ఇటు చేరింది. ఉద్దానం ఇసుక నేలల్లో కొబ్బరి, పనసతో కలిసి స్థిరపడి, పలాసకు పరిశ్రమను ఇచ్చింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు, వేల కుటుంబాలు దాని మీద బతికాయి. సరుగుడు విషయం వేరు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత తుఫాను అడ్డుగోడ పేరుతో ప్రభుత్వమే తీరం పొడవునా దాన్ని నాటించింది. ఉద్దేశం మంచిదే. గాలి వేగాన్ని అది కొంత తగ్గిస్తుంది కూడా. కాని రాలిన సూదుల్లాంటి ఆకు మందంగా పేరుకుని కింద మరో మొక్కను లేవనివ్వదు. అల వచ్చి మొదలు కోస్తే చెట్టు వేర్లతో సహా ఒరిగిపోతుంది. తీగలా ఇసుకను పోగేసి దిబ్బ కట్టడం దానికి చేతకాదు. నాటడానికి తుప్పలు నరికిన చోటల్లా ఉన్న రక్షణ పోగొట్టుకుని కొత్తది కొనుక్కున్నామని నా అభిప్రాయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఎత్తైన చెట్టుకు ఉన్న ప్రమాదం ఏమిటో ఆ రోజు కనబడింది.

1990ల్లో దిబ్బలను చదును చేస్తూ రొయ్యల చెరువులు వచ్చాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో, అంటే ఒడ్డు వెంబడి ఆంక్షలున్న పట్టీలో, వాటిని కట్టడి చేసింది. 2005లో కేంద్రం తెచ్చిన తీర ఆక్వాకల్చర్ చట్టం వాటికి మళ్లీ దారి ఇచ్చింది.

అసలు చిక్కు ఇసుకలోనే ఉంది. కనుమల నుంచి కొట్టుకొచ్చిన ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాలు ఉన్నాయి. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు నిక్షేపాలు పేరున్నవి. 1991 ఫిబ్రవరి 19 నాటి తీర నియంత్రణ ప్రకటన ఇసుక దిబ్బల రూపు మార్చకూడదన్నది. అదే ప్రకటన తీరంలో తప్ప వేరే చోట దొరకని అరుదైన ఖనిజాలకు మినహాయింపు ఇచ్చింది. గార మండలం వత్సవలస దగ్గర ప్రైవేటు తవ్వకాలు సాగాయి. మోనజైట్ అణు ఖనిజం కావడంతో 2019లో కేంద్రం నిబంధనలు బిగించి, ప్రైవేటు లీజులను ముగించే దారి పట్టింది. తర్వాత రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ప్రతిపాదనలు ముందుకొచ్చాయి. ఎవరు తవ్వినా ప్రణాళికలో ఒక హామీ ఉంటుంది. ఖనిజం తీసిన ఇసుకను గోతిలో తిరిగి పోసి, పైన మొక్కలు నాటడం. ఇసుక తిరిగి పోయవచ్చు. పొరల్లో నిద్రపోతున్న గింజలు, వేర్లను అంటుకుని మొక్కకు పోషణ అందించే బూజు తిరిగి రావు.

బంజరు అనే ముద్ర ఎంత దూరం పోతుందో సోంపేటలో అందరూ చూశారు. బీల అనే చిత్తడి నేలను పనికిరాని నేలగా లెక్కకట్టి థర్మల్ కేంద్రానికి ఇవ్వబోతే జనం తిరగబడ్డారు. 2010 జులై 14 పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. బీల నీటితో బతికే రైతులు, జాలర్లు ఉన్నారు కనుక ఆ పోరాటం నిలబడింది. తుప్పల మీద నేరుగా బతికే వర్గం అంత పెద్దది కాదు. చెలమ నీటి సంగతి బోరు, కుళాయి వచ్చాక మరుగున పడింది.

1991 ప్రకటన తర్వాత దిబ్బకు సున్నిత ప్రాంతంగా చోటు దొరకడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2011 జనవరి తీర నియంత్రణ ప్రకటన ఇసుక దిబ్బలను సున్నిత ప్రాంతాల జాబితాలో పేరు పెట్టి చేర్చింది. 2019 ప్రకటన జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో నిర్మాణ నిషేధాన్ని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించింది గాని, దిబ్బలను ఆ జాబితాలోంచి తీయలేదు. కాబట్టి ఇప్పుడు వ్యవహారమంతా పటం మీదకు వచ్చింది. తీర నిర్వహణ పటంలో ఆ సర్వే నంబరు దిబ్బగా గీస్తే ఒక నియమం, ఖాళీ స్థలంగా గీస్తే మరో నియమం. సరుగుడు తోటగా మారిన దిబ్బను, చెరువు కోసం అప్పటికే చదును చేసిన దిబ్బను ఎలా చూపాలన్న వివాదం అక్కడే పుడుతుంది. ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లేవాళ్లు ముందుగా అడగాల్సింది ఆ పటం, దాని పక్కన పాత టోపో షీటు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం.