చొక్కా మీద ఉప్పు గీతలు

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సైకిళ్ల మీద పోదామని ఎనిమిది మందిమి బయల్దేరాం. అటూ ఇటూగా వెయ్యి కిలోమీటర్లు. ఫిబ్రవరి చివరి వారం, ఉద్దానంలో జీడితోటలు ఇంకా పూత మీదున్నాయి. మొదటి మూడు రోజులూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే గడిచాయి. ఒంట్లో జరగాల్సిన వింతలు చాలావరకు అక్కడే జరిగిపోయాయి.

కంచిలి దాటకముందే మాలో కుర్రాళ్లిద్దరు ముందుకెళ్లిపోయారు. మేం గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే వాళ్లు 25. అయిదే కదా అనిపిస్తుంది. చదును రోడ్డు మీద సైకిలుకు అడ్డుపడేది ముఖ్యంగా గాలి. దాన్ని తోసుకుంటూ పోవడానికి ప్రతి సెకనూ పెట్టాల్సిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. 1.25ని మూడుసార్లు హెచ్చవేసి చూడండి, 1.95 వస్తుంది. అంటే వేగం పావు వంతు పెంచినందుకు గాలికి కట్టే సుంకం ఇంచుమించు రెట్టింపు. పలాస చేరేసరికి ఇద్దరూ రోడ్డు పక్కన గట్టు మీద కూలబడి ఉన్నారు. కండరాల్లో 400, 500 గ్రాములు, కాలేయంలో ఇంకో 100 గ్రాములు, మన దగ్గరుండే పిండినిల్వ (గ్లైకోజెన్) అంతే. ఎంత గట్టిగా తొక్కితే అంత త్వరగా కరుగుతుంది. పైగా ఆ రాత్రి అలసటకి అన్నం సయించక సగంలో చేయి కడిగేసుకున్నారు. ఖాళీ అయిన నిల్వ మళ్లీ నిండాలంటే బాగా తిన్నా ఒక రోజు పడుతుంది. తినకపోతే రెండో రోజు సగం ట్యాంకుతో మొదలైనట్టే.

మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి. నైరుతి దిక్కుగా పోతున్నాం కాబట్టి సముద్రం ఎడమవైపు, గాలి ఎడమ ముందు నుంచి తగులుతుంది. ముందువాడి చాటున తొక్కితే గాలి భారం బాగా తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎడమ నుంచి వీచే గాలికి ఆ చాటు సరిగ్గా వెనక ఉండదు, కాస్త కుడికి జరిగి ఉంటుంది. మన జాతీయ రహదారి మీద ఆ కుడివైపున ఉండేవి లారీలు! చాటు వదులుకుని ఒకే వరసలో పోయాం. భౌతికశాస్త్రం చెప్పిందల్లా చేయక్కర్లేదు.

రెండో రోజు టెక్కలి దగ్గర నాకు తలనొప్పి పట్టుకుంది. అప్పటికి నాలుగు కొబ్బరి బొండాలు తాగాను, ఉద్దానంలో వాటికేం కొదవ. నా నల్ల చొక్కా వీపు మీద మాత్రం తెల్లటి గీతలు మ్యాపులో నదుల్లా పరుచుకుని ఉన్నాయి. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. చెమటలో నీటితో పాటు ఎక్కువగా పోయేది సోడియం. బొండాంలో దండిగా ఉండేది పొటాషియం, సోడియం తక్కువ. పోయింది ఒకటి, నేను పోస్తున్నది ఇంకొకటి. పాక హోటల్లో ముసలావిడ నా వీపు చూసి, "నీళ్లు తాగితే సరా బాబూ, ఉప్పు తగలొద్దేటి?" అని చోడి (రాగి) అంబలి పోసింది, ఉల్లిపాయ నంజుకోమంది. నీరు, పిండి, ఉప్పు మూడూ ఉన్నాయి అందులో. ఆటగాళ్ల పానీయాల సీసాల్లో రంగు వేసి అమ్మేది ఇంతకన్నా పెద్దదేం కాదు.

ఒకాయన తొడల నొప్పికి ఐబుప్రొఫెన్ మాత్ర తీశారు. ఆపాం. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ రకం నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. కిడ్నీ జబ్బుకి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని ఉద్దానాన్ని పొద్దున్నే దాటొచ్చి, ఆ పని చేయడానికి మనసొప్పలేదు. ఆ నొప్పి లాక్టిక్ ఆమ్లం వల్లనే అని ఆయన వాదన. అది తొక్కడం ఆపిన గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి తొలగిపోతుంది. మర్నాటి నొప్పి కండరపు పోగుల్లో పడిన సన్నటి దెబ్బలది.

శ్రీకాకుళంలో పడుకునేటప్పుడు ఉంగరం రాలేదు, వేళ్లు ఉబ్బాయి. భయపడ్డాను గానీ అది శరీరం చేసుకుంటున్న సర్దుబాటే. ఎండలో శ్రమ మొదలైన తొలి రోజుల్లో ఆల్డోస్టెరాన్ అనే హార్మోను మూత్రపిండాలకు ఉప్పు వదలొద్దని చెబుతుంది. ఉప్పు ఆగితే నీరూ ఆగుతుంది, రక్తంలోని ద్రవం పెరుగుతుంది. దాంతో గుండె ఒక్కో కొట్టుడుకి ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, ఎక్కువసార్లు కొట్టుకోనక్కర్లేదు. మూడో రోజు నాగావళి దాటి, ఎచ్చెర్ల, రణస్థలం మీదుగా వస్తుంటే మాతో ఉన్న మాస్టారు చేతి గడియారం చూసి, "అదే ఎండ, అదే వేగం, గుండె మాత్రం నెమ్మదించిందండీ" అన్నారు. కాళ్లలో కొత్త బలం ఇంకా రాలేదు, అది వారాల పని. వచ్చిందల్లా నాళాల్లో కాసిన్ని నీళ్లు. నాతవలస దగ్గర విజయనగరం వైపు తిరిగేటప్పుడు మొదటిసారి మాలో ఎవరో కూనిరాగం తీశారు.

చెమట గ్రంథులు ఉప్పు దాచుకోవడం నేర్చేది ఇంకా ఆలస్యంగా, వారం దాటాక. రోజూ రాత్రి చొక్కా ఉతికేవాణ్ని, మర్నాటి సాయంత్రానికి గీతలు మళ్లీ వచ్చేవి. తుని దాటాక ఒక సాయంత్రం విప్పి చూస్తే భుజాల దగ్గర ఒక్క పలచటి గీత, మిగతా వీపంతా నల్లగానే ఉంది.