చిప్ కంపెనీ క్వార్టర్ లెక్కలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో మైక్రాన్, క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లలో చాలామందికి జీతంతో పాటు ఆర్‌ఎస్‌యూలు (దశలవారీగా చేతికొచ్చే కంపెనీ షేర్లు) కూడా వస్తాయి. అంటే వాళ్లూ ఇన్వెస్టర్లే. ఈ కంపెనీల ఫైలింగ్‌లు (నియంత్రణ సంస్థకు సమర్పించే లెక్కల పత్రాలు) చదివి విశ్లేషించడం నా వృత్తి కాబట్టి, క్వార్టర్ అంటే మూడు నెలల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఫోన్లు వస్తాయి. మళ్లీ మళ్లీ వినిపించే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒకటి చెప్పేస్తాను: చిప్ కంపెనీ లెక్కలను గోడౌన్‌లోని సరుకు దగ్గర మొదలుపెట్టి చదవాలి.

అపోహ: ప్రెస్ రిలీజ్ చదివితే చాలు.

ఫలితాల రోజు అందరి నోటా వినిపించేది చాలాసార్లు నాన్-గ్యాప్ లాభం, అంటే అమెరికా అధికారిక అకౌంటింగ్ నియమాల (గ్యాప్) ప్రకారం కాకుండా కొన్ని ఖర్చులు పక్కనపెట్టి చూపే లాభం. ఉద్యోగులకు షేర్ల రూపంలో ఇచ్చిన జీతాన్ని అందులో సాధారణంగా ఖర్చు కింద లెక్కేయరు. మీ ఆర్‌ఎస్‌యూలు కూడా ఆ ఖర్చే! పూర్తి లెక్కలు, వాటి కింద నోట్స్ ఉండేది 10-క్యూ అనే క్వార్టర్ నివేదికలో. పెద్ద కంపెనీలు క్వార్టర్ ముగిసిన 40 రోజుల్లోపు దాన్ని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి సమర్పించాలి. ఎస్‌ఈసీ వారి ఎడ్గర్ సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. 10-క్యూ ఆడిట్ అయిన లెక్క కాదు, ఆడిటర్ రివ్యూ చేసినది మాత్రమే. ఇది గుర్తుంచుకోండి.

అపోహ: ఇన్వెంటరీ (ఇంకా అమ్ముడుపోని సరుకు) తగ్గిందంటే సరుకు అమ్ముడుపోయినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 2023 మార్చి 2తో ముగిసిన క్వార్టర్‌లో మైక్రాన్ బ్యాలెన్స్ షీట్ చూడండి. అంతకుముందు క్వార్టర్ చివర సుమారు 836 కోట్ల డాలర్లున్న ఇన్వెంటరీ 813 కోట్లకు తగ్గింది. ఈ రెండు అంకెలే చూస్తే పరిస్థితి కుదుటపడుతోందనిపిస్తుంది. కానీ ఆ క్వార్టర్‌లోనే మెమరీ ధరలు పడిపోయినందుకు సుమారు 143 కోట్ల డాలర్ల సరుకు విలువను పుస్తకాల్లో తగ్గించి రాశారు (దీన్నే రైట్‌డౌన్ అంటారు). అది లేకపోతే ఇన్వెంటరీ 956 కోట్లు, అంటే సరుకు పెరిగింది!

ఎన్ని రోజుల సరుకు ఉందనే లెక్క కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఇన్వెంటరీని ఆ క్వార్టర్ అమ్మకాల ఖర్చుతో భాగించి 91తో గుణిస్తే రోజులు వస్తాయి. విలువ తగ్గించి రాసినప్పుడు పైనున్న అంకె చిన్నదవుతుంది, ఆ నష్టం ఖర్చులో కలిసి కింది అంకె పెద్దదవుతుంది. అలాగే లెక్కేస్తే సుమారు 150 రోజులు. రైట్‌డౌన్ ప్రభావాన్ని రెండు చోట్లా తీసేసి వేస్తే దాదాపు 250. ఒకే గోడౌన్, రెండు కథలు.

దీని ప్రభావం తర్వాత క్వార్టర్లలోనూ కనిపిస్తుంది. విలువ తగ్గించిన ఆ సరుకు అమ్ముడైనప్పుడు దాని ఖర్చు పుస్తకాల్లో తక్కువ, కాబట్టి మార్జిన్ మెరుగ్గా కనబడుతుంది. మార్కెట్ కోలుకోవడం వల్ల వచ్చిన లాభం ఎంత, పాత రైట్‌డౌన్ వల్ల వచ్చినది ఎంత అన్నది విడదీసి చూడాలి. ఇందుకు కావలసిన అంకెను మైక్రాన్ తర్వాతి ఫైలింగ్‌లలో విడిగా ఇచ్చింది. ఆ ఒక్క వాక్యం కోసమైనా నోట్స్ చదవండి.

అపోహ: సొంత ఫ్యాక్టరీ లేని కంపెనీకి ఇన్వెంటరీ రిస్క్ ఉండదు.

చిప్ తయారవడానికి నెలలు పడుతుంది కాబట్టి ఫ్యాబ్‌లో (చిప్ ఫ్యాక్టరీలో) చోటు ముందే బుక్ చేసుకోవాలి. ఆ కొనుగోలు ఒప్పందాలు చాలావరకు బ్యాలెన్స్ షీట్‌లో కనిపించవు, నోట్స్‌లో ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో హెచ్20 అనే ఏఐ చిప్‌లను చైనాకు పంపడానికి లైసెన్స్ తప్పనిసరి అని అమెరికా ప్రభుత్వం చెప్పగానే, సొంత ఫ్యాక్టరీ లేని ఎన్విడియా ఆ క్వార్టర్‌లో 450 కోట్ల డాలర్ల ఖర్చు చూపించాల్సి వచ్చింది. చేతిలో ఉన్న సరుకుతో పాటు, కొంటామని మాటిచ్చిన సరుకు కూడా అందులో ఉంది.

అపోహ: అంత పెద్ద నష్టం వచ్చిందంటే అంత డబ్బు పోయినట్టే.

2024 మూడో క్వార్టర్‌లో ఇంటెల్ 1,660 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. చాలామంది టెన్షన్ పడ్డారు. అందులో 990 కోట్లు భవిష్యత్తులో వాడుకోగలమనుకున్న పన్ను ప్రయోజనాలను పక్కనపెట్టడం, 310 కోట్లు పాత తరం తయారీ యంత్రాల విలువ తగ్గింపు, 290 కోట్లు గుడ్‌విల్ (కంపెనీలను కొన్నప్పుడు వాటి ఆస్తుల విలువకు మించి ఇచ్చిన మొత్తం) తగ్గింపు. అదే క్వార్టర్‌లో వ్యాపారం నుంచి 400 కోట్ల డాలర్లకు పైగా నగదు లోపలికి వచ్చింది. అలాగని కంగారు పడాల్సింది లేదనను. ఆ యంత్రాలకు నగదు ఎప్పుడో చెల్లించేశారు, అనుకున్నంత ఫలితం రాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. ఇంకో సంగతి, ఇంటెల్ 2023 జనవరి నుంచి కొన్ని యంత్రాల ఆయుష్షును 5 ఏళ్ల నుంచి 8 ఏళ్లకు పెంచి లెక్కవేస్తోంది. అక్కడ తరుగుదల (యంత్రం ధరను ఏడాదికింత చొప్పున ఖర్చుగా రాయడం) తగ్గి లాభం పెరుగుతుంది, ఫ్యాబ్‌లో మాత్రం ఏమీ మారదు.

అపోహ: ప్రతి క్వార్టర్‌కీ ఒక 10-క్యూ ఉంటుంది.

ఏడాదికి మూడే. నాలుగో క్వార్టర్ వార్షిక నివేదిక అయిన 10-కెలో కలిసిపోతుంది. ఏడాది లెక్కలోంచి తొమ్మిది నెలల లెక్క మీరే తీసేసుకోవాలి. క్యాష్ ఫ్లో పట్టికకు ఈ పని మధ్య క్వార్టర్లలో కూడా తప్పదు, అది ఏడాది మొదటి నుంచీ కూడుకుంటూ వస్తుంది. ఇంటెల్ 400 కోట్లు కూడా తొమ్మిది నెలల అంకెలోంచి ఆరు నెలల అంకె తీసేస్తే వచ్చిందే. పైగా మైక్రాన్ ఆర్థిక సంవత్సరం ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో ముగుస్తుంది, ఎన్విడియాది జనవరి చివరి ఆదివారం. ఇద్దరి "మొదటి క్వార్టర్"నూ పక్కపక్కన పెట్టి పోల్చేముందు తేదీలు చూసుకోండి.