శైలిని పట్టి ఇచ్చే వంపుగీత

ఆన్‌లైన్‌లో బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే) చదరంగం ఆడే ఒక పాఠకుడు ఆసక్తికరమైన ప్రశ్న పంపారు. ఆట ముగిసిన ప్రతిసారీ కంప్యూటరు తన ఎత్తులకు ‘ఖచ్చితత్వం 82’ అనో ‘76’ అనో మార్కులు వేస్తోందనీ, వాటిని ఎంతసేపు చూసినా తన శైలి ఏమిటో, బలం ఎక్కడుందో, ఏది సరిదిద్దుకోవాలో మాత్రం తెలియడం లేదనీ ఆయన ఫిర్యాదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే, ఎందుకంటే ఒక మనిషి ఆట మొత్తం ఒక్క సగటు అంకెలో ఇమడదు. అయితే ఆ అంకెను తయారుచేసే లెక్కను విడదీసి చూస్తే ఆయన అడిగిన మూడింటికీ అందులోనే జవాబులు దొరుకుతాయి. పావుల నడకలు, ఓపెనింగుల పేర్లు ఇక్కడ వివరించబోవడం లేదు. నేరుగా ఆ లెక్కలోకే వెళదాం.

స్టాక్‌ఫిష్ వంటి ఇంజిన్, అంటే చదరంగ ఎత్తులను విశ్లేషించే ప్రోగ్రాము, ఒక స్థితిని పరిశీలించి, దాని విలువను బంటులో నూరో వంతుల్లో, అంటే సెంటీపాన్లలో చెబుతుంది. +100 అంటే తెల్లపావులకు సుమారు ఒక బంటు పాటి ఆధిక్యం ఉన్నదని భావం. ఎత్తు ఎత్తుకూ ఎన్ని సెంటీపాన్లు చేజారాయో కూడి, సగటు తీసి, దానినే ఆటగాడి నాణ్యతకు కొలతగా చూపడం చాలాకాలం నడిచింది. ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. సరిసమానంగా ఉన్న స్థితిలో తప్పు చేసి −200కు దిగజారినవాడూ, +900 ఆధిక్యంతో గెలుస్తూ నిర్లక్ష్యంగా ఒక ఎత్తు వేసి +700కు వచ్చినవాడూ ఈ లెక్కలో సమానులే, ఇద్దరూ 200 పోగొట్టుకున్నారు. నిజానికి మొదటివాడి ఆట చేజారింది, రెండోవాడి ఆట చెక్కుచెదరలేదు.

లిచెస్ వంటి ఆన్‌లైన్ చదరంగ వేదికలు ఈ లోపాన్ని సవరించడానికి సెంటీపాన్లను ముందుగా గెలుపు అవకాశంగా మారుస్తాయి. ఆ వేదికపై జరిగిన నిజమైన ఆటల నుంచి రాబట్టిన గుణకం 0.00368208. ఇంజిన్ చెప్పిన విలువను దీనితో గుణించి, వచ్చిన లబ్ధాన్ని లాజిస్టిక్ ప్రమేయంలో (ఏ అంకెనైనా 0కీ 1కీ మధ్య విలువగా మార్చే సూత్రంలో) ప్రతిక్షేపిస్తే, డ్రాను అర పాయింటుగా లెక్కించుకున్న గెలుపు శాతం వస్తుంది. విలువ సున్నా అయితే 50, +100కు 59, +300కు 75, +500కు 86, +700కు 93, +900కు 96.5. ఎదుటివాడిది పైచేయి అయినప్పుడు ఇవే అంకెలు తలకిందులవుతాయి. ఇప్పుడు మన ఇద్దరు ఆటగాళ్లను మళ్లీ చూడండి. సున్నా నుంచి −200కు పడినవాడు 50 శాతం నుంచి 32.4కు జారి 17.6 శాతం పోగొట్టుకోగా, +900 నుంచి +700కు వచ్చినవాడు పోగొట్టుకున్నది సుమారు 3.5 శాతమే. ఈ నష్టాన్ని మరొక ఘాతీయ సూత్రంలో వేసి ఎత్తుకు మార్కులు ఇస్తారు. లెక్కవేస్తే మొదటి ఎత్తుకు 45, రెండో ఎత్తుకు 85 వస్తాయి.

ఈ అంకెలను గీతగా గీస్తే ఒక కొండ వాలు కనిపిస్తుంది. ఎడమవైపు, అంటే ఓడిపోతున్న చోట, నేల దాదాపు చదునుగా ఉంటుంది. మధ్యలో వాలు నిటారుగా లేచి, కుడివైపు గెలుస్తున్న చోట మళ్లీ పీఠభూమిలా చదునవుతుంది. ఈ వాలులో అతి నిటారైన చోటు సరిగ్గా సున్నా దగ్గర ఉంటుంది. అక్కడ పది సెంటీపాన్లు జారితే 0.92 శాతం పోతుంది, +500 దగ్గర అందులో సగం కంటే కాస్త తక్కువ, +900 దగ్గర ఏడో వంతు. ‘సమానంగా ఉంది కదా’ అని చాలామంది కాస్త ఊపిరి పీల్చుకునే స్థితే గణితం ప్రకారం అత్యంత ప్రమాదకరమైన స్థితి అన్నమాట. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ ఆటలో తెల్లపావులతో ఆడుతున్న అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ నిలబడి ఉన్నది ఆ చోటనే. ఒక బంటు తక్కువైనా డ్రాకు చేరగలిగిన స్థితిలో, 55వ ఎత్తుగా ఆయన రూక్‌ను ఎఫ్2 గడిలో పెట్టారు. ప్రత్యర్థి గుకేశ్‌కు ముందు రూక్‌లను, ఆపై బిషప్‌లను మార్పిడి చేయించే వీలు చిక్కి, మిగిలిన రాజు, బంట్ల ముగింపు తెల్లపావులకు ఓటమిగా తేలింది. కొండ నడుమ నుంచి అడుగుకు ఒక్క అడుగులో పడడం అంటే ఇదే.

ఇక్కడ చిన్న విషయం ఒకటి నన్ను ఎప్పుడూ ముగ్ధుణ్ణి చేస్తుంది. రేటింగులకు ఆధారమైన గీత కూడా ఇదే ఆకారంలో ఉంటుంది. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో రూపొందించిన పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. దాని ప్రకారం 100 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి 64 శాతం, 200 ఉంటే 76 శాతం, 400 ఉంటే 91 శాతం పాయింట్లు ఆశించవచ్చు. రెండు సూత్రాల గుణకాలనూ పక్కపక్కన పెట్టి భాగిస్తే, ఆ కొండ మీద ఒక బంటు ఆధిక్యం సుమారు 64 రేటింగ్ పాయింట్లకు సమానమని తేలుతుంది. మీకంటే 200 పాయింట్లు ఎక్కువున్నవారితో ఆటకు కూర్చోవడమంటే మొదటి ఎత్తుకు ముందే సుమారు మూడు బంట్లు అప్పగించి కూర్చోవడం. ఈ పోలికను మరీ దూరం లాగకూడదు, కానీ రేటింగ్ తేడా అంటే భయమో నిర్లక్ష్యమో తప్ప మరొకటి తోచనివారికి అది ఒక కొలబద్ద ఇస్తుంది.

శైలి అనే మాటకు ఇప్పుడు కాస్త కచ్చితమైన అర్థం చెప్పవచ్చు. ఆటగాడు కొండలో ఏ భాగాన ఎక్కువసేపు గడుపుతాడు, అక్కడ ఎంత చిక్కుదారి ఎంచుకుంటాడు అన్నదే శైలి. 2006లో స్లొవేనియాకు చెందిన మతేయ్ గుయిద్, ఇవాన్ బ్రాట్కో ప్రపంచ చాంపియన్ల ఆటలను క్రాఫ్టీ అనే ఇంజిన్‌తో విశ్లేషించినప్పుడు సగటు తప్పు అందరికంటే తక్కువ చేసినవాడు కాపాబ్లాంకా అని తేలింది. అయితే కాపాబ్లాంకా చిక్కులను తప్పించి సరళమైన స్థితులకే దారితీసేవాడు. మరో చాంపియన్ మిఖాయిల్ తాల్ తనకూ ఎదుటివాడికీ దారి కనబడని చోటికే ఆటను లాక్కుపోయేవాడు. చిక్కుదారిలో నడిచినవాడు ఎక్కువసార్లు జారడం సహజం కనుక, ఆ పరిశోధకులు స్థితి ఎంత సంక్లిష్టమో కొలిచే సూచికను కూడా లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. కాబట్టి దాడులు చేసే బ్లిట్జ్ ఆటగాడికి ఖచ్చితత్వం 78, నెమ్మదిగా పావులు మార్చుకుంటూ పోయేవాడికి 86 వచ్చినంత మాత్రాన రెండోవాడు మెరుగని అనడానికి వీల్లేదు. తాను జారినదానికంటే ఎదుటివాణ్ణి ఎక్కువగా జార్చగలిగితే 78తోనే గెలవవచ్చు.

బలాన్నీ లోపాన్నీ తెలుసుకోవాలంటే మరొక మెట్టు దిగాలి. లిచెస్ కొండ ఇతరుల ఆటల నుంచి గీసినది. మీ కొండను మీరే గీసుకోవాలి. మీ ఆటలు ఒక వంద తీసుకోండి. ప్రతి ఆటలోనూ 25వ ఎత్తు తరువాత ఇంజిన్ విలువ మీ వైపు మొదటిసారి +300 దాటిన స్థితిని గుర్తించి, ఆ ఆట చివరకు ఏమైందో రాయండి. ఒక ఆట నుంచి ఒక స్థితినే తీసుకోవాలి, ఎందుకంటే ఒకే ఆటలోని పది స్థితులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, వాటిని పది సాక్ష్యాలుగా లెక్కిస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్లవుతుంది. అటువంటి ఆటలు నలభై దొరికి, వాటిలో 75 శాతం రావలసిన చోట మీకు 62 శాతమే వచ్చిందనుకుందాం. నలభై ఆటల మీద యాదృచ్ఛిక ఊగిసలాట సుమారు 7 శాతం కనుక, ఇది దానికి దాదాపు రెట్టింపు తేడా. గెలుస్తున్న ఆటను గెలుపుగా ముగించడంలో లోపం ఉందని అనుమానించడానికి అది చాలు. అలాగే −300 దగ్గర 25 శాతం రావలసిన చోట 35 వస్తుంటే, మీరు ఓటమి అంచున పోరాడి తిప్పికొట్టగలిగే మొండి రక్షకులు. ఇంజిన్ నివేదికల్లో సాధారణంగా కనబడని బలం ఇది.

అయితే ఈ కొండకు గడియారం తెలియదు. నాలుగు సెకన్లు మిగిలినవాడి +500నూ, రెండు నిమిషాలు మిగిలినవాడి +500నూ సూత్రం ఒకేలా చూస్తుంది. ఆన్‌లైన్ ఆటగాడి విషయంలో ఇది క్షమించరాని అంధత్వం. మూడు నిమిషాల ఆటలో 40 ఎత్తులకు ఎత్తుకు సగటున నాలుగున్నర సెకన్లు. ఎత్తుకు రెండు సెకన్లు ఇంక్రిమెంట్ చేర్చితే అది ఆరున్నర అవుతుంది. ఆరున్నరకూ నాలుగున్నరకూ తేడా స్వల్పంగా కనబడుతుంది గానీ, చివరి పది ఎత్తుల్లో అది ఆటను పూర్తిగా మార్చివేస్తుంది. ప్రీమూవ్‌కు, అంటే ఎదుటివాడు ఆడకముందే సిద్ధం చేసి ఉంచే ఎత్తుకు, లిచెస్‌లో కాలం ఖర్చు కాదు, చెస్.కామ్‌లో సెకనులో పదో వంతు పోతుంది. కనుక ఒక వేదికలో అలవాటైన చివరి క్షణపు పరుగు మరొక వేదికలో అదే ఫలితం ఇవ్వదు. ఆటలను రెండు రాశులుగా విడదీసి, నిమిషానికి పైగా మిగిలిన స్థితులకు ఒక గీతా, ఇరవై సెకన్ల లోపు మిగిలిన స్థితులకు ఒక గీతా గీయండి. రెండో గీత మధ్య భాగం చదునుపడితే, ఆధిక్యం ఉన్నా లేకున్నా ఫలితం గడియారం చేతిలోకి వెళ్లిపోయిందని అర్థం. అప్పుడు మందు ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ముగింపు దశ) పాఠాల్లో ఉండకపోవచ్చు, పదో ఎత్తు దగ్గర అలవాటైన పావు మార్పిడికి ఇరవై సెకన్లు తగలేసే అలవాటును మానుకోవడంలో ఉండవచ్చు.

ఎండ్‌గేమ్ గురించి ఒక్క మాట. అక్కడ కొండ వాలు మెట్లుగా మారిపోతుంది. ఏడు పావుల వరకూ మిగిలిన స్థితులన్నిటికీ సంపూర్ణ పట్టికలు సిద్ధమయ్యాయి, అందులో గెలుపు, డ్రా, ఓటమి తప్ప మధ్యస్థ విలువ లేదు. ఒక్క ఎత్తు ఆలస్యమైతే గెలుపు డ్రాగా మారవచ్చు. అందువల్ల ఎండ్‌గేమ్ బలహీనత సగటులో బయటపడదు, అక్కడక్కడా వచ్చే రెండు మూడు పెద్ద పతనాలుగా బయటపడుతుంది.

బోధన విషయంలో నాకొక అసంతృప్తి ఉంది. లోపం ఏదైనా విద్యార్థికి వెయ్యి పజిళ్లు (సరైన ఎత్తు కనిపెట్టమనే స్థితులు) ఇచ్చి పంపడం శిక్షకులలో రివాజుగా మారింది. 1973లో మనస్తత్వ పరిశోధకులు చేజ్, సైమన్ చూపినట్లు, నిజమైన ఆటలోని స్థితిని కొద్ది సెకన్లు చూసి తిరిగి పేర్చడంలో నిపుణులు మిగిలినవారిని ఎంతో మించిపోతారు, పావులను అడ్డదిడ్డంగా పేర్చితే ఆ ఆధిక్యం దాదాపు మాయమవుతుంది. నైపుణ్యం నమూనాలను గుర్తించడంలో ఉందని దీని భావం, పజిళ్లు ఆ నమూనాలను నింపుతాయి కూడా. కానీ పజిల్ తెరుచుకోగానే ఇక్కడ ఏదో ఉంది అని చెప్పేస్తుంది, ఆటలో సున్నా దగ్గరి నిటారు వాలు మీద ఎవరూ అలా హెచ్చరించరు. పజిల్ రేటింగ్ ఎంతో ఎక్కువగా ఉండి ఆట రేటింగ్ కదలనివారికి కావలసింది, ఏమీ లేదనిపించే స్థితుల్లో ప్రమాదాన్ని పసిగట్టే సాధన.

మూఢనమ్మకాలు ఈ రంగంలోనూ తక్కువేమీ కావు. పన్నెండు ఆటల్లో నాలుగే గెలిచినందుకు ఒక ఓపెనింగ్‌ను ‘నాకు అచ్చిరాదు’ అని వదిలేసేవారున్నారు. పన్నెండు ఆటల మీద ఊగిసలాట 14 శాతం వరకూ ఉంటుంది కనుక ఆ పట్టికకు విలువ లేదు. వరుసగా ఐదు ఓడితే ఆ రోజు గ్రహస్థితి బాగాలేదనుకునేవారికి మరొక లెక్క: బొమ్మా బొరుసూ సమానంగా పడే నాణాన్ని వందసార్లు ఎగరేస్తే, ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు బొరుసులు పడే సంభావ్యత సుమారు 81 శాతం. కోపంతో ఆడిన ఆరో ఆట మాత్రం నిజంగానే చెడిపోవచ్చు, దానికి గ్రహాలతో పని లేదు.

శైలి అనేది నిజంగా ఉన్నదా, మనం ఊహించుకుంటున్నామా అన్న సందేహానికి 2021లో వెలువడిన ఒక పరిశోధన గట్టి సమాధానం ఇచ్చింది. పేరు చూపకుండా ఒక ఆటగాడి ఆటలు వంద ఇస్తే, వేలమంది నుంచి అతడెవరో 98 శాతం కచ్చితత్వంతో యంత్రం పట్టుకోగలిగింది. అంటే వంద ఆటల్లో ఒక మనిషి ముద్ర ఉంటుంది. అయితే ఆ ముద్ర ఉన్నంత మాత్రాన మనం గీసిన ప్రతి వంపూ నిజం కానక్కరలేదు. అందుకే ప్రశ్న పంపిన పాఠకుడికి చివరగా ఒక పరీక్ష సూచిస్తాను. వంద ఆటలను సరి సంఖ్యల ఆటలు, బేసి సంఖ్యల ఆటలు అని రెండు సగాలు చేసి, ప్రతి సగానికీ విడివిడిగా కొండ గీయాలి. మీరు లోపమని అనుకున్నది రెండింటిలోనూ ఒకే వైపు కనబడితేనే దానిపై శ్రమ పెట్టండి. ఓపెనింగుకు ఆరేసి ఆటలు మిగిలే పట్టికలు ఈ పరీక్షకు నిలవడం కష్టం, ప్రతి ఆటలోనూ ఎదురయ్యే గడియారపు సమస్య నిజమైనదైతే రెండు సగాల్లోనూ దొరుకుతుంది.