అమ్మమ్మకు పంచదార ఎందుకు పట్టానంటే

బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

ముక్కోటి ఏకాదశి నాడు చంటి అడిగిన ప్రశ్నకు ఆ హడావుడిలో నేను జవాబు చెప్పలేదు. "షుగర్ జబ్బని అమ్మమ్మ రోజూ స్వీటు ముట్టుకుంటే వద్దు వద్దంటారు కదా, ఇవాళ మీరే పంచదార నీళ్లు పట్టారేంటి తాతయ్యా?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. పెద్దవాళ్లలో చాలామందికి ఇది తట్టదు, తట్టినా అడగరు. తీరిగ్గా చెబుతాను. కాకపోతే మీరు నాతో పాటు మన ఊరి కాలువ గట్టు మీదికి రావాలి.

మీరు సెలవుల్లో ఈత కొట్టే ఆ కాలువ ధవళేశ్వరం దగ్గర గోదావరిలో పుట్టి మన దాకా వస్తుంది. అక్కడ 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాడు. ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. గట్టు వెంట నడిస్తే అక్కడక్కడా తూములు కనిపిస్తాయి. తలుపు ఎత్తితే నీళ్లు బోదెలోకి, బోదెలోంచి చేలోకి పోతాయి. ఆ తలుపులు ఎత్తే మనిషిని లష్కరు అంటారు. మా చిన్నప్పుడు లష్కరు సైకిలు గంట వినిపిస్తే చాలు, పెద్ద పెద్ద రైతులు కూడా పనులాపి గట్టు మీదికి వచ్చేవాళ్లు.

మన ఒంట్లో రక్తమే కాలువ. అందులో పారే నీళ్లే షుగర్. అన్నం తిన్నా, ఇడ్లీ తిన్నా, మామిడిపండు తిన్నా చివరికి చాలావరకు అదే అవుతుంది. కండలు చేలు. ఆ చేలలోకి షుగర్ పోవాలంటే తూము తలుపు ఎత్తేవాడు కావాలి. వాడే ఇన్సులిన్. పొట్టలో క్లోమం అనే చిన్న అవయవం వాణ్ణి పంపుతుంది.

అమ్మమ్మకున్న షుగర్ జబ్బులో లష్కరు రాకుండా పోలేదు, వస్తున్నాడు. కానీ తలుపులు తుప్పు పట్టాయి, లాగినా సరిగ్గా లేవవు. ఏళ్లు గడిచేకొద్దీ లష్కరు కూడా అలిసిపోతాడు. అప్పుడేమవుతుంది? కాలువ నిండుగా ఉంటుంది, చేను ఎండుతుంది. అమ్మమ్మ అన్నం తిన్న గంటకే "మళ్లీ ఏదో తినాలనిపిస్తోందే" అంటుంది చూడండి, అది నీళ్లందని చేను పెట్టే కేక. అందరికీ అంత ఆకలి ఉండదు కానీ, షుగర్ బాగా పెరిగినప్పుడు ఆకలి, దాహం ఎక్కువవడం ఆ జబ్బు లక్షణమే. దాన్ని తిండియావ అనకూడదు.

పొంగిన కాలువ మెల్లగా గట్టు కోస్తుంది. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కంట్లో, మూత్రపిండాల్లో ఉన్న సన్నటి రక్తనాళాలు, పాదాల్లోని నరాలు దెబ్బతింటాయి. రోజూ వద్దు వద్దనేది అందుకే.

మరి ఆ రోజు పంచదార ఎందుకంటే, అమ్మమ్మ పొద్దున్నే అలవాటుగా షుగర్ టాబ్లెట్ వేసుకుంది. ఉపవాసం కదా, ఏమీ తినలేదు. ఉత్తర ద్వార దర్శనానికి లైన్లో నిలబడింది. అన్ని టాబ్లెట్లూ అంత పని చేయవు గానీ, ఆవిడ వేసుకునేది తిన్నా తినకపోయినా లష్కర్లను పంపించే రకం. తూములన్నీ తెరుచుకున్నాయి, పైనుంచి నీళ్లు రాలేదు. కాలువ అడుగంటింది. ఇంటికొచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి, జాకెట్టు చెమటకు తడిసిపోయింది, చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియనట్టు గుమ్మంలోనే నిలబడింది. షుగర్ చూసే మీటరు 54 చూపించింది. 70 కంటే తగ్గితే చాలు, ప్రమాదమే. ఎందుకంటే కాలువ కింద ఒక నారుమడి ఉంది, అది మెదడు. చేను ఒక పూట ఆగుతుంది, నారుమడి ఆగదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూశాం. 92. అప్పుడు అన్నం పెట్టాం. ఇది మీరిద్దరూ బాగా గుర్తుపెట్టుకోవాలి. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితేనే నోట్లో పోయాలి. స్పృహ తప్పితే ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఉపవాసం ఉండాలనుకునేవాళ్లు ముందే డాక్టరుతో మందు సంగతి మాట్లాడుకోవాలి.

ఒక్కటి చెబితే నమ్మరు. ఎదిగిన మనిషి ఒంట్లో ఉన్న మొత్తం రక్తంలో, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ఒక్కో సమయంలో ఉండే చక్కెర సుమారు ఒక చిన్న చెంచాడు! ఇంత బిర్యానీ తింటాం, రాత్రంతా ఏమీ తినకుండా పడుకుంటాం, ఆ చెంచాడు మాత్రం చెంచాడుగానే ఉంటుంది. రాత్రిపూట కాలేయం తన చెరువులోంచి కొంచెం కొంచెం వదులుతూ ఉంటుందని తెలుసు. అంత కొలిచినట్టు ఎలా వదులుతుందని ఆలోచిస్తే నాకు ఈ వయసులో కూడా ఒళ్లు పులకరిస్తుంది.

మా చేను కాలువ శివారున ఉండేది. ఎండాకాలం పంటకి నీళ్లు మా దాకా వచ్చేవి కావు. తూము ఎక్కని నీళ్లను నాన్నా నేనూ గూడ అనే బుట్టతో తోడేవాళ్లం. గూడకు రెండు పక్కలా తాళ్లుంటాయి. చెరో పక్కన నిలబడి ముంచి, ఊపి, చేలోకి విసరాలి. ఇద్దరి ఊపూ కలవకపోతే నీళ్లు మొహాన పడేవి. అరచేతులు బొబ్బలెక్కేవి. కానీ లష్కరు రాకపోయినా చేను తడిసేది! భోజనమయ్యాక అమ్మమ్మను నేను గుడి దాకా నడిపించేది సరిగ్గా ఇందుకే. పనిచేస్తున్న కండ ఇన్సులిన్ తోడు పెద్దగా లేకుండానే షుగర్‌ను తనలోకి లాగేసుకుంటుంది.

తిండి సంగతికొస్తే, తెల్లటి పాలిష్ బియ్యం కాలువకు వరదలా వచ్చి పడుతుంది. మా అమ్మ రోకటితో దంచిన బియ్యం అన్నం ఎర్రగా ఉండేది, నమిలితే గానీ దిగేది కాదు. మా ఊళ్లో మిల్లు పెట్టాక ఆ అన్నం తినడం నామోషీ అనుకున్నారు. ఇప్పుడు అమ్మమ్మ కంచంలో ముందు బీరకాయ కూర, తోటకూర పప్పు. అవి సగం తిన్నాకే అన్నం, అదీ ఒక గరిటె. ముందు పీచు, పప్పు పోతే షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. బెల్లం మంచిదంటారు, షుగర్ విషయంలో పంచదారకు దానికి పెద్ద తేడా లేదు. రాగులు మంచివే, అలాగని జావ కాచి గ్లాసులకు గ్లాసులు తాగితే అదీ గబగబా ఎక్కుతుంది.

బుజ్జీ, నీకో మాట. భోగి రాత్రి అమ్మమ్మ వంటింట్లో లైటు వేయకుండా, చప్పుడు కాకుండా స్టీలు డబ్బా మూత తీసి అరిసె తిన్నది నువ్వు చూశావు. "అమ్మమ్మ దొంగతనంగా తింటోంది!" అని అరిచావు, అందరూ నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. అరవై ఏళ్లుగా ఊరందరికీ అరిసెలు వండి పెట్టిన మనిషి, తన ఇంట్లో చీకట్లో నిలబడి తినాల్సి రావడం ఎంత కష్టమో చూడమ్మా. పెళ్లిళ్లలో అయితే ఇంకా ఘోరం. ఒకరు "ఒక్క పూతరేకు, ఏం కాదు వదినా" అని ఆకులో వేస్తారు, పక్కావిడ "షుగర్ పెట్టుకుని తింటున్నారా!" అంటుంది. ఇలా కాపలా కాస్తే మనుషులు తినడం మానరు, దాచుకుని ఎక్కువ తింటారు. అందుకని కనుమ నాడు నేనే సగం అరిసె కంచంలో పెట్టి, ఆ పూట అన్నం తగ్గించాను. అందరితో పాటు కూర్చుని మెల్లగా తింది, రెండోది అడగలేదు.

శివరాత్రి సెలవులకు వస్తున్నారు కదా. రాత్రి భోజనమైన గంటకి అమ్మమ్మను అడిగి మీటరుతో షుగర్ చూడండి, వేలికి సూది ఆవిడే గుచ్చుకుంటుంది. తర్వాత మీరిద్దరూ చెరో చెయ్యి పట్టుకుని గుడి దాకా నడిపించి తీసుకొచ్చి మళ్లీ చూడండి. మర్నాడు నడవకుండా కూర్చోబెట్టి అదే సమయాలకు చూడండి. నాలుగు అంకెలూ గోడ మీది క్యాలెండర్లో పెన్సిల్‌తో రాయండి. ఎంత తేడా వచ్చిందో చంటి నాకు చెప్పాలి.

మీ
తాతయ్య