మాడ్రిడ్ చేరని రాయబారి

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బ్రన్స్‌విక్ అనే చిన్న ఊరుంది. అక్కడి బోడిన్ కాలేజీ మ్యూజియంలో గిల్బర్ట్ స్టూవర్ట్ వేసిన అమెరికా అధ్యక్షులు జెఫర్సన్, మాడిసన్ చిత్తరువులు, యూరప్ పాతకాలపు చిత్రకారుల గీతచిత్రాలు కనిపిస్తాయి. అవి అక్కడికెలా చేరాయో తెలియాలంటే, వెళ్లిన పని కాకుండానే తిరిగొచ్చిన ఒక రాయబారి గురించి చెప్పుకోవాలి.

ఆయన పేరు మూడో జేమ్స్ బోడిన్. 1752లో బోస్టన్‌లో పుట్టారు, హార్వర్డ్‌లో చదివారు. ముత్తాత ఫ్రాన్స్ నుంచి వలసొచ్చిన ప్రొటెస్టెంట్. తండ్రి మసాచుసెట్స్ గవర్నర్‌గా చేశారు. 1794లో కాలేజీ పెట్టినప్పుడు ఆ తండ్రి పేరే పెట్టారు. కొడుకు వెయ్యి డాలర్లు, వెయ్యి ఎకరాలు ఇచ్చారు. డబ్బుకు లోటు లేని ఇల్లు. అయితే ఆ డబ్బులో బానిసల చెమట మీద నడిచిన వెస్టిండీస్ వ్యాపారానికీ వాటా ఉందన్నది దాచాల్సిన సంగతేం కాదు.

బోస్టన్ పెద్దమనుషుల్లో జెఫర్సన్ పక్షాన నిలిచినవాళ్లు తక్కువ. బోడిన్ ఆ కొద్దిమందిలో ఒకరు. 1804లో జెఫర్సన్ ఆయన్ని స్పెయిన్‌కు రాయబారిగా నియమించారు. ఫ్రాన్స్ నుంచి లూసియానా ప్రాంతాన్ని అమెరికా కొన్నాక దాని సరిహద్దు ఎక్కడిదాకా అని స్పెయిన్‌తో వచ్చిన తగాదా తేలలేదు, పైగా స్పెయిన్ చేతిలోని ఫ్లోరిడా కూడా అమెరికాకు కావాలి. బోడిన్ 1805లో శాంటాండర్ రేవులో దిగారు గానీ, ఆరోగ్యం బాగాలేక మాడ్రిడ్ గడప తొక్కనేలేదు. లండన్ వెళ్లి, అక్కడి నుంచి పారిస్ చేరారు. అక్కడ బేరం కోసం తనతో కలిసి పనిచేయాల్సిన, ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారి జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌తోనే పడలేదు. ఫ్లోరిడా మాట ఎటూ తేలకుండానే 1808లో ఇంటిదారి పట్టారు. అది అమెరికా చేతికి వచ్చేసరికి 1821 అయింది.

రాయబారం ఏమైతేనేం, పారిస్‌లో పుస్తకాలు మాత్రం బాగా కొన్నారు. పిల్లలు లేరు. 1811లో నౌషాన్ దీవిలో చనిపోతూ రెండు వేలకు పైగా పుస్తకాలు, ఖనిజాల నమూనాలు, సైన్స్ పరికరాలు, 70 పెయింటింగులు, 141 గీతచిత్రాలు కాలేజీకి రాసిచ్చారు. తర్వాత ఆ లైబ్రరీ బాధ్యత చూసినవారిలో కవి లాంగ్‌ఫెలో కూడా ఉన్నారు.

అప్పట్లో ఆస్తి లెక్క కట్టినవాళ్లు ఆ 141 గీతచిత్రాలకూ కలిపి వేసిన విలువ 7 డాలర్ల 75 సెంట్లు. ఒక్కోటి ఆరు సెంట్లు కూడా పడలేదన్నమాట. పదహారో శతాబ్దపు చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ పేరు మీదున్న ప్రకృతి దృశ్యం కూడా ఆ కట్టలోదే.