మానయ్యాకే వంగే మొక్క

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న దసరా నాటకంలో విరగాల్సిన శివధనుస్సు విరగలేదు. విరగకూడని లక్ష్మణుడి విల్లు మాత్రం తెర లేచిన కాసేపటికే పుటుక్కుమంది. ప్లాస్టిక్ పైపుకి మెరుపు కాగితం చుట్టి ఆ రెండూ చేసింది నేనే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. నాటకం అయ్యాక మీలో ఒకడు వచ్చి “తాతగారూ, అసలు విల్లు దేంతో చేస్తారు?” అని అడిగాడు. “కర్రతో” అనేసి పులిహోర వైపు వెళ్ళిపోయాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే చప్పగా తోచింది. అందుకే ఈ ఉత్తరం.

మీ తెలుగు బడి వెనక వాగుగట్టున ఆకుపచ్చ కాయలు రాలతాయి చూడండి, ముడతలు ముడతలుగా అచ్చం మెదడులా ఉండేవి, మీరు బంతుల్లా తన్నేవి! ఆ చెట్టే విల్లు చెట్టు. దీనికి ఊరికో పేరు. మన టెక్సస్‌లో హార్స్ యాపిల్, కాన్సస్ వైపు హెడ్జ్ యాపిల్, పుస్తకాల్లో ఓసేజ్ ఆరెంజ్. నిజానికి అది యాపిలూ కాదు, నారింజా కాదు. తొక్కకి కాస్త నారింజ వాసన ఉంటుంది, అంతే. ఇక్కడి పాతకాలపు రైతులు ‘బోడార్క్’ అంటారు. వెనకటి ఫ్రెంచివాళ్ళు ‘బ్వా దార్క్’ అన్నారట, అంటే విల్లు కర్ర. ఆ మాటే జనం నోళ్ళలో నలిగి బోడార్క్ అయింది. ఫానిన్ కౌంటీలో ఈమధ్య కట్టిన పెద్ద చెరువుకీ అదే పేరు. మన మెకిన్నీ కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో కొన్ని అక్కడివే.

కాయని గోటితో గీకితే తెల్లటి పాలు కారతాయి. మర్రి, రావి, మేడి, పనస, పట్టుపురుగులు తినే మల్బరీ, అన్నీ దీని చుట్టాలే, ఒకే కుటుంబం. పనసకాయ కోసేటప్పుడు మీ మామ్మ చేతులకి నూనె రాసుకోవడం చూశారుగా, ఈ కాయ ముట్టుకునే ముందు కూడా అదే చేయండి. ఆ పాలు కొందరి ఒంటికి పడవు, దద్దుర్లు వస్తాయి.

ఈ చెట్టు సొంతూరు మనకి ఉత్తరాన ఉన్న రెడ్ రివర్ లోయ. టెక్సస్, ఓక్లహోమా, ఆర్కన్సా కలిసే ఆ కాస్త మేరలోనే సహజంగా పెరిగేది. ఇంత పెద్ద కాయని మింగి గింజల్ని ఊరూరా చల్లిన జంతువులు మంచుయుగం చివర అంతరించిపోయాయని, అందుకే చెట్టు అక్కడే ఆగిపోయిందని కొందరు శాస్త్రవేత్తల ఊహ. కిందటేడు మీరంతా వేకోలో మామత్ అనే వెనకటి ఏనుగుల ఎముకలు చూసొచ్చారే, అనుమానం వాటి మీదే. ఊహే కానీ నాకు నచ్చిన ఊహ.

ఓసేజ్ అన్నది ఇక్కడి ఆదివాసుల్లో ఒక జాతి పేరు. వాళ్ళూ, కమాంచీలూ, ఇంకా చాలామంది ఈ కర్రతోనే విల్లు చేసుకున్నారు. 1804లో మెరివెదర్ లూయిస్ అనే అన్వేషకుడు సెయింట్ లూయిస్ నుంచి అధ్యక్షుడు జెఫర్సన్‌కి ఈ చెట్టు కొమ్మలు పంపాడు. 1811లో జాన్ బ్రాడ్‌బరీ అనే మొక్కల శాస్త్రవేత్త మిస్సోరీ నది మీద ఎగువకి వెళ్ళాడు. అక్కడ అరికరా జనం ఈ కర్రతో చేసిన ఒక్క విల్లుకి ఒక గుర్రం, ఒక కంబళి ఇస్తున్నారని రాసుకున్నాడు. ఆ ఊళ్ళు రెడ్ రివర్‌కి వెయ్యి కిలోమీటర్ల పైన ఉత్తరాన ఉన్నాయి. అంత దూరం నుంచి తెప్పించుకున్నారంటే ఆ కర్రలో ఏదో ఉండాలిగా.

ఉన్నది చేవ, అంటే కాండం లోపలుండే గట్టి కర్ర. విల్లు వంచినప్పుడు దాని వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. మామూలు కర్రయితే వీపు చిట్లుతుంది, లేదా పొట్టలో ముడత పడిపోతుంది. బోడార్క్ చేవ రెండూ భరించి మళ్ళీ లేచి నిలబడుతుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మిమ్మల్ని పెద్దవాళ్ళు సతాయిస్తుంటారు కదా, ఈ చెట్టు దగ్గర ఆ సామెత తలకిందులు. మొక్కగా ఉన్నప్పుడు దీన్ని వంగనివ్వకూడదు. మానయ్యాకే వంగాలి. ఈసారి మీ నాన్న ఆ సామెత ఎత్తితే ఈ మాట చెప్పండి. నా పేరు మాత్రం చెప్పకండి.

ఇక గింజ సంగతి.

తొమ్మిదేళ్ళ కిందట, కాయలు దొరికాయి కదా అని పది కాయలు చితక్కొట్టి మన పెరట్లోనే గింజలు పాతాను. ఒక్కో కాయలో రెండొందల దాకా ఉంటాయి కాబట్టి ధీమాగా ఉన్నాను. మర్నాడు చూస్తే నేల మీద గుంటలే మిగిలాయి. ఉడతలు! శ్రీరాముడు నిమిరిన వంశం కదా అని ఏమీ అనలేకపోయాను.

మళ్ళీ ఏడు బుద్ధొచ్చింది. అక్టోబర్‌లో రాలిన కాయల్ని బకెట్‌లో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, మూతపెట్టి గరాజ్ వెనక వదిలేశాను. ఫిబ్రవరికి అవి నల్లటి గుజ్జయ్యాయి. వాసన సంగతి అడక్కండి. ఆ గుజ్జుని కర్రతో చిలికి, జల్లెడలో పోసి పైపుతో కడిగితే జిగురంతా పోయి మీగడ రంగు గింజలు మిగిలాయి, బత్తాయి గింజకన్నా కాస్త చిన్నవి. పూర్వం ఇక్కడి రైతులు కడగను కూడా కడిగేవారు కాదు. చలికాలమంతా కుళ్ళిన కాయల్ని గుజ్జు చేసి, నాగలి చాల్లో జారుగా పోసుకుంటూ పోయేవారు. ముళ్ళకంపలా పెరిగి కంచె అయ్యేది. ముళ్ళతీగకి 1874లో పేటెంట్ వచ్చి అది చవగ్గా దొరికేదాకా ఈ మైదానాల్లో కంచె అంటే ఇదే: గుర్రం దూకలేనంత ఎత్తు, ఎద్దు తోయలేనంత గట్టి, పంది దూరలేనంత ఒత్తు.

కడిగిన గింజ వెంటనే మొలవదు, చలికాలం గడిచిందని దానికి నమ్మకం కుదరాలి. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో ముప్ఫై రోజులు పెట్టాను, మామ్మ ఆవకాయ సీసా పక్కన. ఆ నెల్లాళ్ళూ ఇంట్లో వాతావరణం కూడా ఫ్రిజ్‌లాగే ఉంది. నలభై ఎనిమిది గంటలు నీళ్ళలో నానబెట్టినా సరిపోతుందని తర్వాత తెలిసింది. ఇప్పటిదాకా ఆమెకి చెప్పలేదు.

మంచు భయం పోయాక, ఏప్రిల్ మొదట్లో, పొడుగాటి పాల డబ్బాల్లో అర అంగుళం లోతున నాటాను. రెండు మూడు వారాలకి మొలకలొచ్చాయి. డబ్బా పొడుగ్గా ఎందుకంటే ఈ మొక్క ఆకులకన్నా ముందు వేరు సంగతి చూసుకుంటుంది. డబ్బా కోసి తీసినప్పుడు ఆ వేరు చూడండి, పసుపూ కుంకుమా కలిపి పూసినట్టు నారింజ రంగులో ఉంటుంది. ఏడాది లోపే నేలకి మార్చేయాలి. ఆలస్యమైతే వేరు డబ్బా అడుగున చుట్టలు తిరుగుతుంది. ముళ్ళుంటాయి, చేతికి తొడుగులు వేసుకోండి.

ఎక్కడ, ఎలా నాటాలన్నదే అసలు విద్య. మొదటి రెండు మొక్కలూ, పాపం ఎండ బాగా తగలాలి కదా అని, షెర్మన్ దారిలో ఉన్న నా మిత్రుడి పొలంలో ఖాళీ చోటు చూసి విడివిడిగా పెట్టాను. అవి ముద్దుచేసిన పిల్లల్లా నాలుగు దిక్కులా కొమ్మలు చాచి, వంకరలు పోయి, పొదలై కూర్చున్నాయి. వాటిలో విల్లు కాదు కదా, గరిటె కూడా రాదు. అప్పుడు గుర్తొచ్చాయి మా చీరాల ఇసుకనేలల్లో సరుగుడు తోపులు. మా చిన్నప్పుడు సరుగుడు ఒత్తుగా ఎందుకేస్తారని అడిగితే మా నాన్న “పక్కకి చోటు లేకపోతే పైకి పోతుందిరా” అనేవాడు. ఆ మాటే ఇక్కడ పనికొచ్చింది. తర్వాతి మొక్కల్ని మూడడుగుల దూరంలో వరసగా పెట్టాను. వెలుతురు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటూ నిటారుగా లేచాయి.

అయినా రెండు వంకర తిరిగాయి. వాటిని మూడో ఏట చలికాలంలో నేలమట్టానికి నరికేశాను. చూసిన మామ్మ “ఇంత కష్టపడి పెంచి నరకడమేమిటండీ” అంది. జామాయిల్ నరికిన మోడు చూసినవాళ్ళకి తెలుసు, వేరు బతికుంటే మోడు ఊరుకోదు. వసంతంలో అరడజను పిలకలు వచ్చాయి. అన్నిట్లోకీ తిన్నగా ఉన్నదాన్ని ఉంచి మిగతావి తీసేశాను. అప్పటికే ఊరిన వేరు బలమంతా ఆ ఒక్కదానికే దక్కి, అది వాసంలా పైకి పోయింది. ఇప్పుడు వరసలో అదే అందగత్తె.

పక్క కొమ్మలు పెన్సిల్ లావు దాటకముందే, మనిషి ఎత్తుకి ఇంకో అడుగు పైదాకా, కత్తిరించేస్తుండాలి. లావయ్యాక కోస్తే అక్కడ ముడి పడుతుంది. విల్లు సుమారు ఆరడుగులు. ఆ ఆరడుగుల్లో ముడి ఎంత తక్కువుంటే చేసేవాడికి అంత నిద్ర పడుతుంది. అలాగని ఎప్పటికీ ఒత్తుగానే ఉంచకూడదు. కాండం తిన్నగా కుదిరాక మధ్యమధ్యలో మొక్కల్ని తీసేసి మిగతావాటికి చోటివ్వాలి, అప్పుడే ఏటేటా పడే వలయం మందంగా పడుతుంది. వలయం మందం ఎందుకో చెబుతాను.

మా వీధి చివర ఒక టెక్సస్ పెద్దాయన గరాజ్‌లో విల్లులు చేస్తాడు. ఒకసారి నన్ను పిలిచి చూపించాడు. చలికాలంలో నరికి, నిలువునా చీల్చి, తేమ ఒక్కసారిగా పోకుండా రెండు చివర్లా జిగురు పూసి ఆరబెట్టిన బద్ద అది. పురుగు చేరకుండా బెరడు ముందే ఒలిచేశాడు. రెండు పిడులున్న కత్తిని తనవైపు లాక్కుంటూ పైనున్న తెల్లచెక్కంతా తీసేశాడు. కింద నిమ్మపండు రంగు చేవ బయటపడింది. అది గాలికీ వెలుతురుకీ క్రమంగా గోధుమరంగుకి తిరుగుతుందట. అక్కణ్ణించి కత్తి నెమ్మదించింది. “విను” అన్నాడు. వసంతంలో పెరిగిన మెత్తటి పొర మీద కత్తి పోతుంటే కరకరమని అప్పడం నలిగిన చప్పుడు. దాని కింద వేసవి పొర తగలగానే చప్పుడు ఆగిపోయి, కత్తి నున్నగా జారింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా విల్లు వీపు మీద ఆ ఒక్క ఏటి పొరే ఉండాలి. ఒక్కచోట కత్తి దిగి కింది ఏట్లోకి పోయిందా, విల్లు అక్కడే విరుగుతుంది. వలయం పల్చనైతే కత్తికి తప్పు చేయడం తేలిక. చెయ్యి పెట్టి నిమరమన్నాడు. “ఈ పొర పెరిగిన వేసవికి నేను బళ్ళో చదువుకుంటున్నా” అన్నాడు. ఆ చెట్టు ఆయన తాత నాటిందట.

నావి ఇప్పటికి పదిహేను అడుగులున్నాయి, మోచేతి లావున. ఇంకా ఒక్కటీ పూయలేదు. ఇందులో మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు. పూతకొస్తే గానీ ఏది ఏదో తెలియదు, దానికి పదేళ్ళయినా పడుతుంది. ఆడచెట్టు ఒంటరిగా ఉన్నా కాయ కాస్తుంది గానీ అందులో మొలిచే గింజ ఉండదు. కాబట్టి కాయలు ఏరేటప్పుడు చుట్టుపక్కల చాలా చెట్లున్న చోటే ఏరండి. వాటిలోనూ బెరడు మెలితిరగకుండా తిన్నగా లేచిన తల్లిని చూసి ఏరండి. తండ్రి ఎవరో మనకి తెలీదు, తల్లినైనా చూసుకోవాలి. కాండం అడుగు లావు కావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టొచ్చు. నాకిప్పుడు డెబ్భై నాలుగు. లెక్క మీరే వేసుకోండి, మీకు నాకన్నా బాగా వచ్చు.

వచ్చే ఆదివారం బడి అయ్యాక వాగుగట్టుకి వెళ్దాం. మూతున్న బకెట్ ఒకటి, పాత చొక్కా ఒకటి తెచ్చుకోండి. చెట్టు కింద నిలబడేటప్పుడు నెత్తి మీద ఓ కన్నేసి ఉంచండి, కాయ అరకిలో పైమాటే. చేతులకి రాసుకునే నూనె నేను తెస్తాను. ఫ్రిజ్‌లో చోటు విషయం మాత్రం మీ అమ్మల్ని మీరే ఒప్పించుకోవాలి, మా ఇంట్లో ఆ దారి మూసుకుపోయింది.

ఇట్లు,
మీ తాతయ్య