‘బె’ కింద రెండు చుక్కలు

ఇంగ్లిషు బైబిలు ఎన్‌ఆర్‌ఎస్‌వీకి 2021లో వచ్చిన సవరణ ఆదికాండం మొదటి మాటను మార్చింది. ‘ఆదియందు దేవుడు సృజించినప్పుడు’ అన్నది పోయి, ‘దేవుడు సృజించడం మొదలుపెట్టినప్పుడు’ అన్నది వచ్చింది. ఇది ఆధునిక పండితుల చేతివాటమని ఆక్షేపించేవారు ఒక్కసారి 11వ శతాబ్దపు ఫ్రాన్సుకు వెళ్లి రావాలి.

హీబ్రూలో ఆ వాక్యం ‘బెరేషీత్ బారా ఎలోహీమ్’. ‘రేషీత్’ అంటే మొదలు, ‘బె’ అంటే లో, ‘బారా’ అంటే సృజించెను, ‘ఎలోహీమ్’ అంటే దేవుడు. ‘ఆ మొదట్లో’ అని నిర్దిష్టంగా చెప్పాలంటే మామూలుగా ‘బా’ అనాలి. తిబెరియలో హీబ్రూ బైబిలు పాఠాన్ని కాపాడిన మసోరా పండితులు దానికి అచ్చుల గుర్తులు పెట్టినప్పుడు ఆ అక్షరం కింద ఒకదాని కింద ఒకటిగా రెండు చుక్కలు పెట్టారు. అంటే ‘బె’. ‘ఆ’ లేదు కాబట్టి, ‘ఫలానాదాని మొదట్లో’ అనీ చదవవచ్చు.

మనం ‘ఇల్లు’ అంటే మాట అక్కడితో ఆగుతుంది, ‘ఇంటి’ అంటే తర్వాతి మాట కోసం చెవి ఆగుతుంది. హీబ్రూలోనూ ‘బయిత్’ అంటే ఇల్లు, ‘బేత్’ అంటే ఫలానాదాని ఇల్లు. బేత్లెహేములో ఉన్నది అదే. (మనకు ఇంటికి చెందినది తర్వాత వస్తుంది, వాళ్లకు ఆ ఇల్లు దేనిదో తర్వాత వస్తుంది.) చిక్కేమిటంటే, ‘రేషీత్’కు రెండు చోట్లా రూపం ఒకటే.

ఫ్రాన్సులోని ట్రువా పట్టణపు యూదు వ్యాఖ్యాత రాషీ (1040–1105) దాన్ని తర్వాతి మాటకు అతికించి, ‘సృజించడం మొదలుపెట్టినప్పుడు’ అని చదివాడు. అతుకు పడేది నామానికి కదా, ఇక్కడ ‘బారా’ క్రియ కదా అంటారని ఊహించి, హోషేయ 1:2 చూపించాడు. అక్కడా ‘మొదలు’ వెనకే క్రియ ఉంది. ముందేది వెనకేది చెప్పడమే ఉద్దేశమైతే ‘బారిషోనా’ (మొదటగా) అని రాసుండేవారన్నాడు. అసలు దెబ్బ తర్వాత వస్తుంది. రెండో వచనంలోనే దేవుని ఆత్మ జలములపైన అల్లాడుతోంది. మరి ఆ నీళ్లు ఎప్పుడు పుట్టాయో ఇంకా చెప్పనే లేదే! కాబట్టి ఈ వచనం సృష్టి వరస చెప్పడానికి వచ్చింది కాదంటాడు. తోరాను (మోషే అయిదు గ్రంథాలను) ప్రాణంగా చూసుకున్న మనిషి ఈ మాట అన్నాడని గుర్తుంచుకోవాలి.

‘ఆదియందు’ అనే చదవాలనే అవతలి పక్షానికి యెషయా 46:10 ఉంది. అక్కడ ‘రేషీత్’ దేనికీ అతక్కుండా, ‘ఆ’ లేకుండానే నిలిచింది. 13వ శతాబ్దంలో యూదు వ్యాఖ్యాత నహ్మానిదీసు శూన్యం నుంచి సృష్టి అనే పాత చదువునే నిలబెట్టాడు. క్రైస్తవులకు ఇంకో పట్టు ఉంది: యోహాను సువార్త ‘ఆదియందు వాక్యముండెను’ అని ఆ మాటతోనే మొదలవుతుంది. ఆదికాండంలో ‘ఆదియందు’ కదిలితే ఈ జంట చెదురుతుంది. కోపం చాలావరకు ఇక్కడిదే, వ్యాకరణానిది కాదు.

జ్యూయిష్ పబ్లికేషన్ సొసైటీ 1962లోనే తన తోరా అనువాదాన్ని ‘మొదలుపెట్టినప్పుడు’ అని ప్రారంభించింది. ఎన్‌ఆర్‌ఎస్‌వీకి మాతృక అయిన 1952 నాటి ఆర్‌ఎస్‌వీ ఆ పాఠాన్ని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇచ్చింది. 2021లో అది పైకొచ్చింది, ‘ఆదియందు’ అడుగుకు దిగింది.